మరగొంతు

అందరికీ ఆమె పిచ్చుకే. ఏదైనా శ్రద్ధగా వినాలంటే తల ఓ పక్కకి వాల్చేస్తుంది కాబట్టి చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు అది. నలభై దగ్గరపడుతున్నా ఊడలేదు. ఇంట్లో అక్కకీ బావకీ పిచ్చుకే, రేడియో స్టేషన్లో గేటు దగ్గర మనిషి నుంచి డైరెక్టర్ దాకా పిచ్చుకే.

స్టేషన్లో అప్పుడప్పుడు వార్తలకి శబ్దం సరిచేసినా, ఆమె అసలు పని పాటలు పాడించడం. పాడేది మనుషులు కాదు, కంప్యూటర్. పిల్లల కార్యక్రమాలకీ, సబ్బులూ టార్చిలైట్ల ప్రకటనలకీ కావాల్సిన బుల్లి పాటల్ని ఒక సాఫ్ట్‌వేర్‌లో కూర్చుతుంది. తెర మీద ఒక్కో అక్షరం ఒక్కో ఇటుకలా కనిపిస్తుంది. ఇటుకని పైకి జరిపితే గొంతు పైకి పోతుంది, కిందికి దించితే దిగుతుంది, చివర పట్టుకుని లాగితే సాగుతుంది. మనిషి గొంతు ఎక్కించినా సరే, దాన్ని అక్షరం అక్షరం విడగొట్టి, ఇటుకలుగా పేర్చి, అందులో ఉన్న ఇంకో గొంతుతో పలికించేస్తుంది. పిచ్చుక దాన్ని "మా అమ్మాయి" అంటుంది. చెప్పిన మాట వినే అమ్మాయి అదొక్కతే కదా అని నవ్వుతుంది.

ఆ రోజు పొద్దున్నే న్యూస్ ఎడిటర్ గారు గదిలోకి వచ్చి తలుపు వేశారు. ఆయన తలుపు వేసే మనిషి కాదు. తిట్టినా మెచ్చుకున్నా వరండా అంతా వినపడాలి ఆయనకి.

"పిచ్చుకమ్మా, నీ పాటల పెట్టెతో ఒక మాట మార్చాలి."

"మాటని పాటగానా, పాటని మాటగానా?"

"మనిషిని మరమనిషిగా," అన్నారు. నవ్వలేదు.

విషయం ఊరందరి నోళ్లలో నానుతున్నదే. రెండు వారాల క్రితం ఊరి చివర ఐస్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై ప్యాకింగ్ చేసే ఇద్దరు చచ్చిపోయారు. అలారం మోగింది, పనివాళ్లే లెక్కచేయలేదని యాజమాన్యం చెప్పింది. మోగలేదని పనివాళ్లు అన్నారు. మోగలేదు అనడానికి కాదు, ఎందుకు మోగలేదో చెప్పడానికి లోపలి మనిషి ఒకతను దొరికాడట. ఎడిటర్ గారి కారులో కూర్చుని మాట్లాడాడు. సాయంత్రం వార్తల్లో వెయ్యాలి. గొంతు గుర్తుపడితే మాత్రం అతని పని అయిపోయినట్టే.

"మామూలుగా చేసేలా గొంతు లావు చేసి వదిలేస్తే, తిరగేసి అసలు గొంతు లాగేస్తారు. అందుకే నీ దగ్గరికి వచ్చాను."

"మాటలు టైపు చేసి మా అమ్మాయి చేత చదివించేస్తే పోలా?"

"అప్పుడు మనమే రాసి చదివించామంటారు. మాట అతనిదే ఉండాలి, గొంతు మాత్రం అతనిది కాకూడదు. వాళ్ల హెచ్ఆర్ మేనేజరు మధ్యాహ్నం వచ్చి వింటాడట. జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలిగా, డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు."

పిచ్చుక హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫైలు నొక్కింది. ముందు కారు తలుపు పడిన చప్పుడు. తర్వాత ముక్కుతో సన్నగా ఈల వేసినట్టు ఒక ఊపిరి. తర్వాత "అదేంటంటే..." అని.

ఆమె చప్పున ఫైలు ఆపేసింది.

ఆ ఈల ఊపిరి చిన్నప్పుడెప్పుడో ముక్కెముక వంకరపోయిన మనిషిది. ఆ "అదేంటంటే" ప్రతి మాటకీ ముందు తగిలించే మనిషిది. అక్క మొగుడు. బావ. ఆ ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజరు. ప్రమాదం జరిగినప్పుడు తను వేరే షెడ్డులో ఉన్నానని, అన్నీ అయ్యాకే పరిగెత్తుకొచ్చానని ఇంట్లో చెప్పాడు. అంతకుమించి ఒక్క ముక్క కూడా ఎవరితోనూ అనలేదు.

"ఏమైంది?" అన్నారు ఎడిటర్ గారు.

"ఏం లేదండీ. సౌండ్ ఎక్కువుంది."

ఆ ఒక్క క్షణంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. ఈయన మా బావ, నేను చెయ్యను, ఇంకెవరికైనా ఇవ్వండి అని. కానీ ఇంకెవరికి ఇస్తారు? ఇంకెవరు చేసినా ఆ ఈల ఊపిరి వదిలేస్తారని భయమేసింది. నోరు మూసుకుని పనిలోకి దిగింది.

ముందు గొంతు మార్చింది. తర్వాత ఎత్తుపల్లాలన్నీ తీసేసి ఇటుకలన్నిటినీ ఒకే స్వరం మీద వరసగా పరిచింది. ఏడుపూ కోపమూ ప్రశ్నా అన్నీ ఒకే గీత మీదకి వచ్చాయి. విని చూసుకుంది. ఇనప డబ్బాలో కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టుంది. అయినా లోపల బావే కనపడుతున్నాడు! గొంతు పోయినా నడక పోలేదు. గబగబా మొదలెట్టి, చివరి అక్షరం దగ్గర కాళ్లీడుస్తాడు. అందుకని ఇటుకలన్నీ ఒకే పొడవుకి కోసింది. ఊపిరి వినపడిన చోటల్లా తుడిచేసింది. "అదేంటంటే"లు ఏరి పారేసింది. ఎడిటర్ గారు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ మాట పోతే నష్టం లేదులే అన్నారు.

సగం దాటాక అసలు విషయం వచ్చింది. "అలారం ఊరికే మోగుతోంది, లైను ఆగిపోతోంది, తీసేయమని పైనుంచి ఫోన్ వచ్చింది. తీసేశారు."

తెర మీద ఆ చివరి మాటకి ఇటుకల లెక్క కుదరలేదు. తీ, సే, శా, రు. ఉండాల్సినవి నాలుగు. "శా"కీ "రు"కీ మధ్య చిన్న ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, గోరంత. ఏదో దగ్గు అయి ఉంటుందనుకుని, ఆ ముక్క ఒక్కదాన్నే అసలు గొంతుతో వింది. పెదవి దాకా వచ్చి నమిలి మింగేసిన అక్షరం అది.

ను.

మళ్లీ వింది. తీసేశాను అనబోయాడు. అని, నాలిక్కరుచుకుని "రు" తగిలించాడు.

పిచ్చుక పక్కకి చూసింది. ఎడిటర్ గారు ఫోన్లో సాయంత్రం వార్తల వరస సరిచూసుకుంటున్నారు. మామూలుగా వింటే ఎవరికీ తెలియదది, మాట తడబడింది అనుకుంటారు. కానీ అన్ని అక్షరాలనీ సమానంగా కోసి పరిచాక తెలుస్తుంది. మరమనిషి తడబడదు. "తీ సే శా ను రు" అని గుండ్రంగా పలుకుతుంది.

ఆమె ఆ ముక్క మీద వేలు పెట్టి తీసేసింది. నాలుగు ఇటుకలు దగ్గరికి జరిగి అతుక్కున్నాయి.

మధ్యాహ్నం హెచ్ఆర్ మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తని మాట. రోజూ బావతో కూర్చుని డ్యూటీలు వేసే మనిషి ఈయనే. వచ్చి సరిగ్గా పిచ్చుక పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఎడిటర్ గారు వెనక నిలబడ్డారు.

ఆమె ఫైలు నడిపింది. మరగొంతు గది నిండా పరుచుకుంది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్లు తెరవకుండానే "మళ్లీ వెయ్యండి," అన్నాడు. ఈసారి మోకాలి మీద వేలితో తాళం వేస్తున్నాడు. పిచ్చుకకి అర్థమైంది, ఆయన గొంతు వినడం లేదు. నడక వెతుకుతున్నాడు. వేలు సమానంగా పడుతూనే ఉంది. పట్టుకోవడానికి ఎక్కడా ఏమీ దొరకలేదు.

"అక్కడ ఆపండి. ఫోన్ వచ్చింది అన్నాక. ఆ... తీసేశారు. ఎవరు తీసేశారట?"

"అది మీరే చెప్పాలి," అన్నారు ఎడిటర్ గారు.

"దీని అసలు రికార్డింగ్ ఇక్కడే ఉందా?"

"నా దగ్గరుంది. కోర్టు అడిగితే ఇస్తాను."

ఆయన లేచి, పోబోతూ ఆగి, పిచ్చుక వైపు తిరిగాడు. "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

చూశాడు. కిందటేడు ఫ్యాక్టరీలో కుటుంబాలని పిలిచి ఆటలపోటీలు పెట్టినప్పుడు అక్కతో కలిసి ఆమె వెళ్లింది. తాడు లాగే పోటీలో కింద పడితే చెయ్యి ఇచ్చి లేపింది ఈయనే.

"రేడియోవాళ్లని ఎవరూ చూడరండీ, వింటారు," అంది.

ఆయన పెదవులు మాత్రమే నవ్వాయి. వెళ్లిపోయాడు.

సాయంత్రం వార్తల్లో వేశారు. వెయ్యడమే తరవాయి, ఊరు అట్టుడికిపోయింది. టీ బడ్డీల దగ్గర, బస్సుల్లో ఆ ఇనప గొంతునే అనుకరించడం. అక్క ఫోన్ చేసింది.

"విన్నావుటే? మీ దాంట్లోనే వచ్చిందిగా. అదేం గొంతే తల్లీ, ఒళ్లు జలదరించింది. మీ బావ భోజనం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచిపోయాడు."

"వంట బాలేదేమోనే," అంది పిచ్చుక. అక్క తిట్టి పెట్టేసింది.

అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు కాక ఆ మర్నాడు పోలీసులు ఒకతన్ని పట్టుకెళ్లారు. ఫ్యాక్టరీలో అతన్ని అందరూ మైకు అంటారు. నెమ్మదిగా మాట్లాడటమన్నది అతనికి పుట్టుకతోనే రాదు. ప్యాకింగ్ షెడ్డులో నిలబడి పిలిస్తే గేటు దగ్గర లారీ డ్రైవరు పలుకుతాడు. ఆ అలారం సంగతి మీద అంతకుముందే ఒకసారి ప్లాంటు మేనేజరుతో గొడవపడ్డాడు. ఇంత లోపలి సంగతి తెలిసినవాడు అతనే అయి ఉంటాడని, అలారం తీసినవాడే తెలివిగా తప్పు పైవాళ్ల మీదకి తోస్తున్నాడని యాజమాన్యం చెప్పింది. "నేనైతే గొంతెందుకు దాచుకుంటానయ్యా!" అని అతను జీపులోంచి అరిచిన అరుపు మూడు వీధులు విన్నాయట. వింటే ఏం లాభం? మరగొంతు ఎవరిదైనా కావచ్చు. ఎవరిదైనా కావచ్చు అన్నప్పుడు, వాళ్లకి నచ్చనివాడిది చేశారు.

పిచ్చుక ఆ వార్తకి కూడా శబ్దం సరిచేసి ఇచ్చింది. ఇచ్చి బాత్రూములోకి వెళ్లి ముఖం మీద నీళ్లు కొట్టుకుని, సెలవు చెప్పి నేరుగా అక్క ఇంటికి పోయింది.

బావ డాబా మీద ఉన్నాడు. నీళ్ల ట్యాంకులో చెయ్యి పెట్టి బంతి వాల్వు బిగిస్తున్నాడు.

"ఏం పిచ్చుకా, ఈ వేళప్పుడొచ్చావు? అదేంటంటే, మీ అక్క పిల్లల స్కూలుకి..."

"బావా, తీసేశారు అనేముందు ఇంకో మాట మొదలెట్టావు నువ్వు."

ట్యాంకులో చెయ్యి అలాగే ఆగిపోయింది. బయటికి తీశాడు. మోచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ గొంతు మార్చింది నువ్వా?"

"నేనే."

"మరి ఆ మాట... రేడియోలో వినపడలేదే. నేను చెవులు రిక్కించి విన్నాను."

"తీసేశాను," అంది పిచ్చుక.

అన్నాక ఆ మాట ఇద్దరి మధ్యా అలా నిలబడిపోయింది. బావ ట్యాంకు గోడకి చేరగిలబడి కింద కూర్చున్నాడు.

"అదేంటంటే," అని ఆగాడు. మళ్లీ మొదలెట్టాడు. "ప్లాంటు మేనేజరు ఫోన్ చేశాడు. నోటి మాటే. ఈ వారం లైను ఆగితే ఊరుకోనన్నాడు. స్విచ్చి తీశాను. షిఫ్ట్ అయ్యాక వేద్దామనుకున్నాను. అవలేదు. అంతలోనే... ఆ ఇద్దర్లో చిన్నవాడు ఆ వేళ సెలవు అడిగాడు పిచ్చుకా. ఇవ్వలేదు నేను."

"మరి రేడియోకెందుకు చెప్పావు?"

"నిజం బయటికి రావాలి, నేను రాకూడదు. అలా కుదురుతుందనుకున్నాను. గొంతు మార్చేస్తామన్నారుగా."

"మైకు లోపలున్నాడు బావా."

"ఆధారం లేదుగా, వదిలేస్తారు."

"వదిలేస్తారనే అనుకుంటున్నావా?"

జవాబు మెట్ల మీద నుంచి వచ్చింది.

"అనుకుంటున్నాడు. నువ్వూ అనుకో." అక్క. చేతిలో పిల్లల స్కూలు సంచులు అలాగే ఉన్నాయి. ఎంతసేపట్నించి నిలబడిందో తెలీదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "విన్నది ఇక్కడే వదిలేసి కిందికి దిగు. నాకిద్దరు పిల్లలు."

"మైకుకి లేరా అక్కా?"

"వాళ్ల సంగతి వాళ్ల వాళ్లు చూసుకుంటారు. ఆ మాట కోసింది నువ్వేగా? మరి ఇప్పుడెందుకు పుట్టుకొచ్చింది నీతి?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. తగిలిన చోటు నుంచే పిచ్చుకకి మాట వచ్చింది. "నేను కోసింది నేనే పెడతాను. బావ చెప్పకపోతే నేను చెబుతాను."

"నా ఇంట్లో నిలబడి, నా మొగుణ్ని..." అక్క సంచులు కింద పడేసింది. "దిగు. దిగవే ముందు!"

పిచ్చుక దిగింది. అక్కడి నుంచి స్టేషన్‌కి పోయి ఎడిటర్ గారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. బావ సంగతీ, ఆ ముక్క సంగతీ. ఆయన అరుస్తారనుకుంది. అరవలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

"సాక్షి మాట కోశావు," అన్నారు. "నేను పక్కన కూర్చుని ఉండగా."

"అవునండీ."

"ఇది ఇప్పుడే పోలీసులకి చెప్పాలి నేను. కానీ అతనికి ఇచ్చిన మాట ఒకటుంది, పేరు నా నోట రాదని." తల పట్టుకున్నారు. "రేపు పొద్దున దాకా చూద్దాం. తన మాట తనే చెప్పుకుంటే అతనికీ మంచిది. లేదంటే నువ్వు కోసిందేంటో నీ నోటితో నువ్వే చెప్పు. నిన్ను ఆపను."

పొద్దున ఆమె వచ్చేసరికి గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నట్టుంది, చెంప మీద చిన్న కాగితం ముక్క అంటించుకున్నాడు. అక్క రాలేదు.

"మీ అక్క మాట్లాడట్లేదు. రాత్రంతా మైకు అరుపే చెవుల్లో... రికార్డింగ్ గదిలో మైకు ఉంటుందిగా?" అని, ఏమన్నాడో తనకే తట్టి గబుక్కున ఆగిపోయాడు. ఇద్దరికీ నవ్వు వచ్చేలా ఉండి రాలేదు.

ఎడిటర్ గారు లాయర్ని పిలిపించారు. లాయరు విన్నదంతా విని, "ఇది చెబితే మీ మీదా కేసు పడుతుంది, తెలుసుగా?" అని అడిగాడు. బావ తల ఊపాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లేముందు ఇక్కడ ఒకసారి మొత్తం చెబుతానన్నాడు. అక్కడ మాట మారకుండా ఉండాలంటే ముందు ఇక్కడ అది రికార్డై ఉండాలన్నాడు.

అద్దానికి అవతల బావ, ఇవతల పిచ్చుక. ఎర్ర దీపం వెలిగింది. బావ తన పేరూ, ఉద్యోగమూ చెప్పాడు. ముక్కు ఈల వేసింది. గబగబా మొదలెట్టి చివర కాళ్లీడ్చాడు. "అలారం స్విచ్చి తీసేశాను," అన్నాడు. చిన్నవాడికి సెలవు ఇవ్వని దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. పిచ్చుక వేళ్లు బల్ల మీద కదిలాయి. ఆ ఖాళీ కొయ్యాలని కాదు, అలవాటు. చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అద్దానికి అవతల మనిషి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె కదలకుండా కూర్చుంది. దీపం వెలుగుతూనే ఉంది. కాసేపటికి అతను ముఖం తుడుచుకుని, ప్లాంటు మేనేజరు ఫోన్లో ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడు.

సాయంత్రం అది అలాగే వేశారు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఫోన్ కంపెనీ నుంచి పోలీసులు ఆ రోజు కాల్స్ తెప్పించుకున్నారు. ప్లాంటు మేనేజరు అరెస్టయ్యాడు. మైకుని వదిలేశారు. బయటికొచ్చిన మొదటి రోజే రేడియో స్టేషన్ గేటు దగ్గర నిలబడి, అది తన గొంతేనని నమ్మించినవాళ్లనీ నమ్మినవాళ్లనీ కలిపి తిట్టాడు. లోపల రికార్డింగ్ ఆపాల్సి వచ్చింది. బావని మాత్రం ఒక్క మాట అనలేదు, పలకరించనూ లేదు.

బావకి బెయిలు వచ్చింది, ఉద్యోగం పోయింది. ఇనప సామాన్ల కొట్లో కుదిరాడు. పిచ్చుకని వార్తల పని నుంచి తప్పించారు. ఎడిటర్ గారు ఎదురుపడితే తల ఊపుతారు, అంతే. ఆమె మళ్లీ సబ్బులకీ టార్చిలైట్లకీ పాటలు కూర్చుకుంటోంది. అక్క ఫోన్ ఎత్తడం మానేసింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అక్క స్టేషన్‌కే వచ్చింది. గొడుగు గది బయట ఆరబెట్టి, లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"గురువారం వాయిదా. ఆ చిన్నవాడి వాళ్లమ్మ కూడా వస్తుందట. ఆవిడ ముందు మీ బావ మళ్లీ అదంతా చెప్పాలి," అంది.

"నేను రానా?"

అక్క కిటికీ వైపు తిరిగింది.

"రా. నా పక్కన మాత్రం కూర్చోకు."

"సరే. వెనక కూర్చుంటా."

"వెనకైతే వినపడదు. అక్కడ ఫ్యాన్లు గోల," అంది అక్క. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.